సాక్ష్యంలో లేని గేదె

"ఆర్మీనియాలో పిల్లలు తిండిలేక చస్తున్నారు, కంచం ఖాళీ చెయ్యి" అని చిన్నప్పుడు తల్లి గదమాయించేదని ముసలి విల్బర్ భోజనాల బల్ల దగ్గర చెప్పుకొచ్చాడు. తను తండ్రి అయ్యాక ఆ మాటలో ఆర్మీనియా తీసేసి ఇండియా పెట్టాడట. ఎదురుగా కూర్చున్న అరూసియాగ్ ఆర్మీనియన్. ఆమెకు సూప్ తాగిస్తున్న విమలకుమారి కృష్ణా జిల్లా మనిషి.

"మా ఇద్దరి పేర్లూ చెప్పుకుని బాగానే తిన్నావు. ఆ పొట్టే చెబుతోంది," అంది అరూసియాగ్.

విల్బర్ పగలబడి నవ్వాడు. విమలకుమారి నవ్వలేదు. అది 1978 జనవరి. దివిసీమ ఉప్పెనలో ఆమె అక్క దీనమ్మ పోయి రెండు నెలలే అయింది.

న్యూజెర్సీలో ఐసెలిన్‌కు దగ్గరి వృద్ధాశ్రమం అది. గుంటూరు మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువు చదివినా, ఇక్కడి పరీక్ష ఇంకా గట్టెక్కక విమలకుమారి ముసలివాళ్లకు తిండి పెట్టే, బట్టలు మార్చే పని చేస్తోంది. ఆదివారాలు ఒక తెల్లవాళ్ల చర్చి బేస్‌మెంట్‌లో తెలుగు ఆరాధనకు వెళుతుంది. అక్కడి పాస్టర్ రత్నరాజు వారమంతా ఇంజినీరు, ఆదివారం ఒక్కరోజే బోధకుడు. ఉప్పెన బాధితుల కోసం ఆయన ఒక సభ తలపెట్టాడు.

"విమలమ్మా, పైన చర్చి వాళ్లను కూడా ఇన్వైట్ చేశాను. మీ ఊళ్లో మళ్లీ ఇళ్లు లేవాలంటే వాళ్ల చెయ్యి పడాలి. మీ అక్క ఎలా పోయిందో నువ్వు సభలో సాక్ష్యం చెప్పాలి."

"చెబుతానయ్యగారూ. నీళ్లొస్తున్నాయని అందరూ చర్చి డాబా ఎక్కారు. అక్కా ఎక్కింది. ఇంటి దగ్గర కట్టేసిన గేదె గుర్తొచ్చి, పలుపు విప్పి వస్తానని దిగింది. అంతే. బావ ఫోన్‌లో అరిచి చెప్పాడు."

రత్నరాజు నుదురు రుద్దుకున్నాడు. "గేదె ఎందుకమ్మా ఇప్పుడు?"

"గేదె కోసమే పోయింది గదండీ."

"నిజమేలే. గేదె కోసం పోయిందంటే ఇక్కడ ఒక్కడూ చెక్ రాయడు. చర్చిలో మోకాళ్ల మీద ఉండగా నీళ్లు ముంచాయని చెప్పు. చర్చిదాకా వెళ్లిన మనిషి ప్రార్థన చేసే ఉంటుంది. ఇందులో అబద్ధమేముంది, క్లుప్తం చేస్తున్నాం."

మర్నాడు అరూసియాగ్‌కు తల దువ్వుతూ విమలకుమారి ఈ సంగతంతా చెప్పింది. ఆమెను మామ్మగారూ అని పిలిచేది. ముసలామెకు ఆ పిలుపు నచ్చింది.

"ఏ బట్టలు వేసుకోవాలో కూడా చెప్పారా?" అని అడిగింది అరూసియాగ్.

"తెల్లచీర కట్టుకోమన్నారు మామ్మగారూ."

"అయితే వాళ్లకు పని తెలుసు."

పని అరూసియాగ్‌కూ తెలుసు. ఒట్టోమన్ టర్కుల ఏలుబడిలో ఆర్మీనియన్ క్రైస్తవులను ఊళ్లకు ఊళ్లుగా వెళ్లగొట్టి ఎడారి దారి పట్టించినప్పుడు ఆమెకు ఎనిమిదేళ్లు. తల్లి దారిలోనే పడిపోయింది. ఒక టర్కిష్ ఇల్లాలు పిల్లను గడ్డివాములో దాచి, తర్వాత ఇంట్లో పెట్టుకుని సాకింది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక అనాథాశ్రమం. అక్కడినుంచి అమెరికన్ల సహాయ కమిటీ ఒకటి ఆమెను ఓడెక్కించి ఇక్కడికి తెచ్చింది, చందాల కోసం. కొత్త బూట్లు కొనిచ్చారు. ఏ ఊరి చర్చిలోనైనా వేదిక ఎక్కేముందు ఆ బూట్లు విప్పించి, చిరుగుల గౌను తొడిగేవాళ్లు.

"ఆ డబ్బుతో అక్కడ పిల్లలు రొట్టె తిన్నారు. నేను కాదనను," అంది అరూసియాగ్. "కాకపోతే ఒక మనిషిని తీసెయ్యమన్నారు. నన్ను సాకినావిడను. టర్కుల్లో మంచిది ఒకతె ఉందంటే జనం కోపం చల్లారుతుంది, చెయ్యి పర్సులోకి పోదు అన్నాడు కమిటీ పెద్దమనిషి. తీసేశాను. ఊరూరా అదే పాఠం. తర్వాత కుట్టు ఫ్యాక్టరీలో చేరాను, పెళ్లయింది, ముసలిదాన్నయ్యాను. ఇప్పుడు ఆవిడ పేరు రాదు. మొహం రాదు. నన్ను ఏమని పిలిచేదో అదీ రాదు. స్టేజి మీది పాఠం మాత్రం అక్షరం పొల్లుపోదు. వినిపించనా?"

"వద్దు మామ్మగారూ. నన్నేం చెయ్యమంటారు?"

"మీవాళ్లకు ఇళ్లు కావాలా?"

"కావాలి."

"మరింక నన్నడిగేదేముంది? చెప్పు. కానీ ఆ గేదె సంగతి ఎవరికో ఒకరికి చెబుతూ ఉండు. నోటితో చెప్పు. మీ అక్క పోకుండా ఉంటుంది."

సభ రోజు గేదె విమలకుమారి నాలుక చివరిదాకా వచ్చింది. ముందు వరుసలో తెల్ల ఆడవాళ్లు రుమాళ్లు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. వాళ్లను చూశాక నోరు దానంతటదే మోకాళ్ల మీది ప్రార్థన మాటకు వెళ్లింది. కానుక పళ్లాలు నిండాయి. తర్వాత పార్సిప్పనీ చర్చి పిలిచింది, ఫిలడెల్ఫియా చర్చి పిలిచింది. వేసవి వచ్చేసరికి ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో ఇంగ్లీషులో ఆమెకు పట్టుబడింది. సభ నుంచి వచ్చిన ప్రతిసారీ అరూసియాగ్ పక్కన కూర్చుని గేదెను చెప్పేది: వంకరకొమ్ము, తన్నే కాలు, దీనమ్మ తప్ప ఎవరు పాలు పితకబోయినా చేపని మొండితనం.

ఆ చలికాలం అరూసియాగ్ న్యుమోనియాతో పోయింది. శ్మశానానికి వచ్చినవాళ్లలో ఆమెతో మాటా పలుకూ ఉన్నది విల్బర్‌కూ విమలకుమారికే. ఇంట్లో ఉప్పెన మాటెత్తితే పిల్లలు జడుసుకుంటున్నారని భర్త శ్యామ్‌సుందర్ వద్దన్నాడు. చర్చీల పిలుపులు మాత్రం ఆగలేదు. ఒరిస్సా వరదలకూ ఆమే కావాలి, ఆఫ్రికా కరువుకూ ఆమే కావాలి.

1984లో మచిలీపట్నం నుంచి బావ జోసఫ్ ట్రంక్ కాల్ చేశాడు.

"మీరు పంపిన డబ్బుతో కట్టిన ఇల్లు గట్టిది విమలా. మొన్న గాలివానకు చెక్కుచెదర్లేదు. ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడల్లా మీ అక్క మీద కోపమొస్తుంది. ఆ పాడుగొడ్డు కోసం దిగకపోతే నా పక్కన కూర్చునేది గదా."

"గొడ్డేంటి బావా? అక్క మోకాళ్ల మీద ఉంది గదా, చర్చిలో."

లైనులో గరగర.

"గేదె సంగతి నీకు చెప్పింది నేనే గదమ్మా," అన్నాడు జోసఫ్.

విమలకుమారి కళ్లు మూసుకుంది. డాబా మెట్లు దిగుతున్న అక్కను చూడాలనుకుంది. మెట్లు కనిపించాయి, మనిషి కనిపించలేదు. ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిస్తే వేదిక మీది ఇంగ్లీషు మాటలే ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చాయి, ఆగాల్సిన చోట ఆగుతూ.

"నాకర్థం కావట్లేదు విమలా," అన్నాడు జోసఫ్. "తెలుగులో చెప్పు."