పోర్టళ్ళు చేసిన పుట్టినరోజు

సైబరాబాదు అనే పేరు కొత్తగా వినపడుతున్న ఆ కాలంలో అక్కడ మనుషులకంటే బండరాళ్ళే ఎక్కువ. ఒక గుండ్రటి పెద్ద భవనం, దాని చుట్టుపక్కల ఇంకా రంగు పడని కట్టడాలు నాలుగైదు, మిగిలిందంతా గుట్టలూ తుమ్మచెట్లూ. లోకమంతా అక్కడికే వచ్చేస్తోందని పేపర్లు రాసేవి. వచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను గాని, వచ్చినట్టు ఎవరికీ తెలిసినట్టు లేదు. తణుకు దగ్గర్నించి వచ్చి, కొండాపూర్‌లో ఓ మేడమీద గది కిరాయికి తీసుకున్నాను. (అద్దెని కిరాయి అనడం కూడా అక్కడే నేర్చుకున్నాను.) పొద్దున్నే కింద ఇంటావిడ "నల్లా వచ్చింది, నీళ్ళు పట్టుకో బిడ్డా" అని కేకేసేది. చాలా రోజుల్లో ఒక మనిషి నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపితే అంతే.

ఆఫీసులో మా పై అధికారిని మేమంతా క్లారిటీగారు అనేవాళ్ళం. ఏం చెప్పినా చివర "క్లారిటీ కావాలండీ" అనేవారు గనక. ఓ రోజు ఆయన నన్ను పిలిచి, విదేశంలో ఉన్న క్లయింటుకి వెబ్ పోర్టళ్ళ మీదా, ఇంటర్నెట్‌లో ఫైళ్ళు దాచుకునే సైట్ల మీదా రిపోర్టు కావాలన్నారు. ఏది మంచిదో పోల్చి చెప్పాలి. "పోర్టల్ అంటే ఏంటండీ?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "అదే మనకి క్లారిటీ కావాలండీ" అన్నారు.

నాలుగు రోజులు తిప్పలు పడి నాకు నేనే అర్థం చేసుకున్నాను. పోర్టల్ అంటే మా ఊరి బస్టాండు లాంటిది. అక్కడే పేపరు, అక్కడే టిఫిను, అక్కడే జాతకం చెప్పేవాడు, ఎటు పోవాలన్నా అక్కడినించే దారి. ఫైళ్ళు దాచుకునే సైటు దాని పక్కన సామాన్ల గది. మన సంచీ వాడికిచ్చి చేతులు ఊపుకుంటూ వెళ్ళిపోవచ్చు, ఎక్కడినించైనా మళ్ళీ తీసుకోవచ్చు. ఇది రాసి చూపిస్తే క్లారిటీగారు బస్టాండుని కొట్టేసి, మిగతాది ఉంచారు.

పోల్చాలంటే అన్నింట్లోనూ చేరాలి కదా. చేరాను. ప్రతివాడూ పేరూ ఊరూ పుట్టినతేదీ అడిగాడు, ప్రతివాడికీ చెప్పాను. ఎవడు ఎంత జాగా ఇస్తాడు, ఎంత పెద్ద ఫైలు పుచ్చుకుంటాడు, కరెంటు పోతే ఎక్కించినదంతా గంగలో కలుపుతాడా లేక మిగిలింది మళ్ళీ అడుగుతాడా అని పట్టిక వేశాను. (అందరూ గంగలోనే కలిపారు.) ఫైలు నత్తనడకన ఎక్కుతుంటే తెర మీద గీత ఎంత నిండిందో చూస్తూ కూర్చునేదాన్ని. అందరూ తమ తమ జట్లతో కాంటీనుకి పోయేవాళ్ళు, నన్ను రమ్మని ఎవరూ అనలేదు, వస్తానని నేనూ అనలేదు.

అయితే నిజం చెప్పాలి, ఆ పోర్టళ్ళంటే నాకు ఇష్టం పుట్టింది. తెరవగానే నా పేరుతో స్వాగతం చెప్పేవి. అందులో ఒకటి అమెరికా గడియారం పెట్టుకుని, నేను సాయంత్రం ఇంటికి బయల్దేరే వేళకి శుభోదయం చెప్పేది. దానికి నేను అటూ ఇటూ చూసి, చిన్నగా "శుభోదయం" అని జవాబు చెప్పేదాన్ని. అంత పెద్ద హాల్లో నా పేరు పలికేవి అవే.

రిపోర్టు తయారయ్యాక, మీటింగు గదిలో అందరి ముందూ ఆ సైట్లు తెరిచి చూపించమన్నారు. ప్రొజెక్టరు పెట్టారు. గొంతు సవరించుకుని మొదటి పోర్టల్ తెరిచాను. తెర నిండా బెలూన్లు లేచాయి. వాటి మధ్య నా పేరు, కింద పుట్టినరోజు శుభాకాంక్షలు. ఇదేమిటా అని అది మూసేసి రెండోది తెరిచాను. కేకు బొమ్మ, దాని మీద వెలుగుతున్న కొవ్వొత్తులు. ఫైళ్ళ సైటుకి పోతే, వాడు కానుకగా ఇంకాస్త జాగా ఇస్తున్నానన్నాడు.

"ఇవాళ మీ పుట్టినరోజా? చెప్పలేదేమండీ?" అన్నారు క్లారిటీగారు.

నాకే తెలియదు, ఇంకేం చెబుతాను. నన్ను బడిలో వేసేటప్పుడు హెడ్మాస్టరుగారు పుట్టినతేదీ అడిగితే మా నాన్న "చవితి" అన్నారట. ఆయన "చవితి కాలమ్ లేదు" అని, బళ్ళు తెరిచేది జూన్ గనక నన్నూ జూన్‌లో పుట్టించేశారు. అప్పట్నించీ ఫారం కనిపిస్తే చాలు, నా చెయ్యి ఆ తేదీనే రాస్తుంది. అసలు నేను పుట్టింది నాగులచవితి నాడు. అంతకుముందు వచ్చిన నాగులచవితికి గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి ఊళ్ళో మా ఎదురింటి పిన్నిగారి ఫోనుకి చేస్తే అది మోగి మోగి ఊరుకుంది. ఊరంతా పుట్టలో పాలు పొయ్యడానికి పోయింది మరి. నా పుట్టినరోజున పాములన్నిటికీ మర్యాద జరిగింది, నాకు మాత్రం "నల్లా వచ్చింది" తప్ప ఏమీ వినపడలేదు. ఆ రాత్రి బాగా ఏడ్చాను.

ఇక్కడ మీటింగు గదిలో మాత్రం ఒక్కో సైటు తెరుస్తుంటే చప్పట్లు పెరుగుతున్నాయి. ఎవరో కిందకి పరిగెత్తి కేకు పట్టుకొచ్చారు. నా పేరు సరిగ్గా పలకడం రానివాళ్ళు కూడా పాట పాడి, చెయ్యి కలిపి, ముక్కు మీద క్రీము రాశారు. ఈ రోజు కాదండీ అనాలి. నోరు తెరిచాను కూడా, అందులో ఎవరో కేకు పెట్టారు. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి, నాకు కాదనబుద్ధి కాలేదు. రిపోర్టులో ఏది మంచిదని తేల్చానో ఆ రోజు ఎవరూ అడగలేదు.

కేకు ముక్క కాగితం పళ్ళెంలో పట్టుకుని, ఆఫీసు వెనక బండ మీదకి వెళ్ళి కూర్చున్నాను. నవ్వు రావాలి, ఏడుపొస్తోంది. అప్పుడు టెస్టింగులో పనిచేసే అమ్మాయి వచ్చింది. సిద్దిపేట ఆవిడ, ఎప్పుడూ ఒక్కతే కూర్చుని టిఫిను డబ్బా తినేది. మేమిద్దరం అప్పటిదాకా ఒక్క మాట అనుకోలేదు.

"ఏంది చెల్లె, గిట్లొచ్చి కూసున్నవ్?" అంది.

"ఏం లేదండీ. ఊరికే."

ఆవిడ నా పక్కన కూర్చుంది. "జూన్ల పుట్టిన్నంటున్నవ్. నేను గూడ జూన్లనే పుట్టిన. మా అన్న గూడ జూనే, మా వాడకట్టు పోరగాండ్లందరు జూనే. నిజం చెప్పు, ఇది బడిల సారు రాసిన తారీకే గదా?"

నాకు నవ్వొచ్చేసింది. అవునన్నాను.

"మరి అసలు తారీకెప్పుడు?"

"తారీకు తెలీదండీ. నాగులచవితి."

"అది ఎప్పుడో అయిపాయె గద. ఆ దినం ఎవ్వలన్న ఉన్నరా నీ తోటి?"

లేరని తల ఊపాను. ఆవిడ నా పళ్ళెంలోంచి కేకు విరిచి ఓ ముక్క నాకిచ్చి, ఓ ముక్క తను తీసుకుంది. "నేను ఎంగిలిపూల బతుకమ్మ నాడు పుట్టిన. గది ఏ కంప్యూటరు తీస్కుంటది చెప్పు? ఇగ ఫికర్ చెయ్యకు. ఈసారి చవితికి నేనొస్త," అంది.

వచ్చింది కూడా. కొండాపూర్ గదికి టిఫిను డబ్బాలో పాయసం పట్టుకుని వచ్చింది. మరుసటి యేడైనా నేను ఆవిడ ఎంగిలిపూలకి పువ్వులు కోసుకెళ్ళాలనుకున్నాను గాని, ఆ పండగ వచ్చేలోపే ఆవిడకి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. అప్పట్లో అందరూ అలాగే మారిపోయేవారు. కొన్నాళ్ళు ఉత్తరాలు నడిచాయి, తర్వాత అవీ ఆగాయి. నేను అంత కష్టపడి పోల్చిన పోర్టళ్ళూ సామాన్ల గదులూ కూడా ఒక్కొక్కటే మూతపడ్డాయి.

ఇప్పుడు జూన్‌లో ఆ తేదీ రాగానే బ్యాంకు, బీమావాళ్ళు, ఎప్పుడో ఒకసారి చెప్పులు కొన్న దుకాణం, అందరూ ఫోన్‌కి శుభాకాంక్షలు పంపుతారు. నేను ఒక్కొక్కరికీ "థాంక్యూ అండీ" అని జవాబు కొడతాను. మా అమ్మాయి చూసి నవ్వుతుంది. "అమ్మా, అది మెషీను. అవతల ఎవరూ లేరు."

"తెలుసే," అంటాను. "అయినా పేరు పెట్టి పిలిచింది కదా."