శౌరయ్య తల పెరిగిన సంగతి

ఉయ్యూరులో కరెంటు మీటర్ల రీడింగ్ తీసే శౌరయ్య చర్చి పెద్దల సంఘానికి అధ్యక్షుడైన ఏడాదే అతని హెల్మెట్ బిగుతైంది. కుడి కణత మీద గట్టి బొడిపె ఒకటి లేచింది. నొప్పి లేదు. దానికి కారణం మాత్రం ఊరు వెంటనే కనిపెట్టేసింది.

"పదవొచ్చాక తల పెరక్కేం చేస్తుంది బావా?" అన్నాడు బావమరిది జయపాల్, ఆదివారం చర్చిలో పూజ ముగిసి అందరూ బయటికొస్తుంటే. అందరూ నవ్వారు. అధ్యక్షుడు గనక శౌరయ్యకూ నవ్వక తప్పలేదు.

నవ్వనిది భార్య అమలమ్మ ఒక్కతే. "కుడికన్ను కాస్త ముందుకొచ్చిందండీ. బెజవాడలో చూపించుకోండి" అని వెంటపడింది.

బెజవాడలో ఎముకల డాక్టరు శౌరయ్య తల వంక చూడకుండా ఎక్స్‌రే వంకే చూసి, "ఎముక పెరిగిందండీ, కొందరికంతే" అన్నాడు. కళ్ల డాక్టరు థైరాయిడ్ పరీక్ష రాశాడు. అది బాగానే ఉందని తేలాక, ఇక తన పని అయిపోయిందన్నాడు. కణత ఒకరి వాటా, కన్ను ఇంకొకరి వాటా. రెండూ ఒకే తలకున్నాయన్న సంగతి ఎవరి లెక్కలోకీ రాలేదు. శౌరయ్య ఆ చీటీలను యోగ్యతాపత్రాల్లా రెండేళ్లు అందరికీ చూపించి తిరిగాడు.

ఒక ఆదివారం చర్చిలో ప్రకటనలు చదువుతుంటే కుడికంటికి అక్షరాలు అలికినట్టయ్యాయి. మర్నాడే అమలమ్మ అతన్ని బెంజ్ సర్కిల్ దగ్గర స్కానింగ్ సెంటర్‌కు లాక్కెళ్లింది.

సీటీ స్కాన్ చూసిన డాక్టర్ సింధూరి గదిలోంచి లేచి వచ్చి, బొడిపె మీద చెయ్యి వేసి నొక్కి చూసింది.

"ఇంతకుముందు ఎవరైనా ఇలా చెయ్యి పెట్టి చూశారా అండీ?"

శౌరయ్య ఆలోచించాడు. "మా బావమరిది చూశాడండీ."

"ఇది ఉత్త ఎముక కాదండీ. లోపలి వైపు గరుకుగా ఉంది. మెదడు మీది పొరలో గడ్డ పుట్టి ఎముకలోకి పాకినట్టుంది. మందు ఎక్కించి ఎంఆర్ఐ తీద్దాం."

ఎంఆర్ఐలో తేటతెల్లమైంది. మెనింజియోమా అనే మెదడుపొర గడ్డ. పుర్రె ఎముకలోంచి కంటిగూటి దాకా పోయింది.

"క్యాన్సరా అమ్మా?" అంది అమలమ్మ.

"చాలామందిలో కాదండీ. ముక్క తీసి పరీక్షిస్తేనే ఖాయంగా చెప్పగలం. కంటి నరాన్ని నొక్కుతోంది, ఆలస్యం చెయ్యకండి."

ఆపరేషన్‌లో గడ్డనూ, పాడైన ఎముకనూ తీసి లోహపు పలక బిగించారు. క్యాన్సర్ కాదని తేలింది. కంటి నరం పక్కన పిసరంత గడ్డ వదిలేయక తప్పలేదు, ఏటా స్కాన్ తీయించుకోమన్నారు. పోయిన చూపు తిరిగి రాలేదు, ఉన్నది నిలిచింది. ఎముకల డాక్టరు రిపోర్టు చూసి, "నేనప్పుడే ఎముకని చెప్పానుగా!" అన్నాడట.

ఇప్పుడు శౌరయ్య రీడింగ్‌కు వెళ్లిన ఇంట్లో మీటరు కంటే ముందు మనుషుల తలలు చూస్తాడు. ఎవరి నుదుటి మీద కాస్త ఎత్తు కనిపించినా, "ఎన్నాళ్లనుంచండీ?" అంటూ చెయ్యి వేసి నొక్కేస్తాడు. మొన్న ఒకాయన దోమ కుట్టిందని ఎంత మొత్తుకున్నా, స్కాన్ తీయించుకుంటానని ఒట్టు పెట్టించుకునిగానీ గడప దిగలేదు.