ఇరవై చీటీలు, ఒక్క స్టూలు

ఆ రోజుల్లో నాకు ముక్కు మీదే కోపం. ఇప్పుడు తగ్గిందంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు గానీ, ఇబ్రహీంపట్నంలో బిస్కెట్ల ప్యాకింగ్ కంపెనీలో మొదటి ఉద్యోగం చేసిన ఆ ఏడాది కోపాన్ని మాత్రం తగ్గించుకోవాలని నేనూ అనుకోను. ఇరవై మందిమి ఆడవాళ్లం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదిలే బెల్టు పక్కన నిలబడి ప్యాకెట్లు డబ్బాల్లో సర్దేవాళ్లం. కూర్చోవడానికి ఒక్క స్టూలు లేదు. (వేస్తే పని మందగిస్తుందట!) నా పక్కన నిలబడే, మన్నెగూడ నుంచి వచ్చే అక్కకు మధ్యాహ్నానికే కాళ్లు వాచిపోయేవి. చెప్పులు పట్టక, వాటిని చేత్తో పట్టుకుని బస్సెక్కేది. "ఇంకో నెల గిట్లనే ఉంటె పని బంద్ జేస్త పిల్లా, నాతోని కాదు" అనేది. ఆమె ఒక్కదాని సంపాదనతోనే ఆ ఇల్లు గడిచేదని మా అందరికీ తెలుసు.

అలాంటి చోట 'ఆరోగ్య వారం' పెట్టారు. మా ఆఫీసు సారు (ఎప్పుడూ నవ్వుతుంటాడని నవ్వుల సారు అనేవాళ్లం) "మీ ఒళ్లు, మీ మనసు, మీ సంతోషం, అన్నీ మా బాధ్యతే" అని మైకులో చెప్పి, ఒక యోగా మాస్టారిని పిలిపించాడు. ఆయన మాకు మొట్టమొదట నేర్పిందేమిటో తెలుసా? నిటారుగా నిలబడటం! రోజంతా నిలబడేవాళ్లకు! అక్క నా చెవిలో "గీనికా పైసలిచ్చి పిలిచిన్రు? నన్నడిగితె నేనే నేర్పుతుంటి" అంది. నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది.

చివరి రోజు, మీకేం కావాలో చీటీ మీద రాసి పెట్టెలో వెయ్యమన్నారు. నేను ఇంటర్ చదివానని అందరూ తమ చీటీలు నా చేతికే ఇచ్చారు. ("నీ అక్షరాలు ముత్యాల లెక్కుంటయి" అంటే ఉబ్బిపోయాను.) ఇరవై చీటీల మీదా ఒకటే రాశాను: కూర్చోవడానికి స్టూలు కావాలి. అదే చేతిరాత, అదే నీలం పెన్ను. నాకంటే తెలివితక్కువ మనిషి ఆ కంపెనీలో ఇంకొకరు లేరని మర్నాడు తెలిసింది.

నవ్వుల సారు నన్ను పిలిచి, "ఒక్కదానివే ఇరవై చీటీలేసినవంటే నీకు మనసు మంచిగ లేదమ్మా" అని, నేను చెప్పేది వినకుండా కౌన్సెలింగ్ గదికి పంపాడు. ఏసీ గది, మెత్తటి కుర్చీ. గంటసేపు కూర్చోబెట్టి, గట్టిగా ఊపిరి పీల్చుకోమన్నారు. బయటికొచ్చి ఇదంతా కోపంగా చెబుతుంటే అక్క మధ్యలో ఆపి, "ఆడ కుర్చీ ఉన్నదా?" అంది. మర్నాడు తనే పోయి "సార్, నాకు గూడ మనసు మంచిగ లేదు" అంది. గంట కూర్చుని వచ్చింది. తర్వాత ఇద్దరు, ఆ తర్వాత నలుగురు. వద్దనడానికి ఆయనకు నోరు రాలేదు, మనసు కూడా తమ బాధ్యతేనని మైకులో చెప్పింది ఆయనే కదా! మూడో రోజుకు బెల్టు దగ్గర మనుషులు చాలక బిస్కెట్లన్నీ కింద పడ్డాయి. నాలుగో రోజు స్టూళ్లొచ్చాయి. ('ఆరోగ్య వారం కానుక' అని వాటి మీద రంగుతో రాయించారు, సిగ్గులేకుండా!) అక్క పని మానలేదు.

ఇప్పుడు నాది కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం. మొన్న నడుము నొప్పని దవాఖానకు పోతే, డాక్టరమ్మ గంటకోసారి లేచి నిలబడమంది. నిలబడాలట! పాత కోపమంతా తన్నుకొచ్చి అక్కకు ఫోన్ చేశాను. ఆమె పడీ పడీ నవ్వి, "మనిద్దరి వంతు నేనెప్పుడో నిలబడ్డ. నువ్వు కూసో పో" అంది. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే, ఆమెతో మాట్లాడినంతసేపూ నేను నిలబడే ఉన్నాను.