పొద్దుటి పాలు ఎవరు పిండాలి

మా ఇంట్లో పొద్దున్నే ఐదింటికి ముగ్గురం లేచేవాళ్లం. ఆయన దూడ పలుపు విప్పితే, మా కూతురు శాలిని బకెట్టు మోకాళ్ల మధ్య పెట్టుకుని ఆవు పక్కన కూర్చునేది. నేను పొయ్యి ముట్టించేదాన్ని. ఆరు కొట్టకముందే క్యాను పాలకేంద్రం చేరేది. ఈ ఏడు అన్ని పనులూ నా ఒక్కదాని మీదికి వచ్చాయి. దూడను విప్పడం, పాలు పిండడం, క్యాను మోయడం, అన్నీ నేనే. శాలిని మాత్రం తల దువ్వుకుని, పుస్తకాల సంచి భుజాన వేసుకుని, చుట్టపుచూపుగా వచ్చిన పిల్లలా గడపలో నిలబడేది.

నేను పుట్టింది వెంకటగిరికోట పక్కన. ఐదో తరగతితో నా చదువు సరి. పద్దెనిమిదేళ్లకు మునికృష్ణను కట్టుకుని చౌడేపల్లె దగ్గరి ఈ పల్లెకు వచ్చాను. ఎకరన్నర మెట్ట, ఒక ఆవు, ఆలస్యంగా పుట్టిన ఒక్క కూతురు. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. నేనూ కాదు. మా ఇద్దరి వంతు మాటలూ శాలినే మాట్లాడేది.

దాని పదో తరగతి పరీక్షలు ఇరవై రోజులున్నాయనగా, పాలకేంద్రం దగ్గర క్యాను దించి ఆయన గుండె పట్టుకుని కూర్చున్నాడు. మదనపల్లె ఆసుపత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు. ఆ పొద్దుటి పాలచీటీ ఇంకా ఆయన చొక్కా జేబులోనే ఉంది. ఆ చొక్కా నేను ఉతకలేదు.

శాలిని పరీక్షలు రాసింది. మంచి మార్కులే వచ్చాయి. మదనపల్లెలో ఇంటర్‌లో చేరింది. పొద్దున ఆరున్నరకు మా ఊరి బస్సు, పుంగనూరులో దిగి ఇంకో బస్సు. చేరిన వారానికే తల్లిదండ్రులను పిలిచి మీటింగు పెట్టారు. ఒక సారు మైకులో గట్టిగా చెప్పాడు: "ఈ రెండేళ్లు మీ పిల్లలకు ఏ పనీ చెప్పకండి. చీపురు కూడా పట్టనివ్వకండి. చదవడం వాళ్ల పని, చదవనివ్వడం మీ పని."

ఆయన ఉంటే ఇంటికొచ్చి అడిగేదాన్ని, ఇది మన ఇంటికి సరిపోతుందా అని. అడగడానికి మనిషి లేడు. అందుకని ఆ మాటనే కొంగున ముడి వేసుకుని వచ్చాను.

మర్నాడు శాలిని చేతిలోంచి బకెట్టు లాక్కున్నాను.

"అమ్మా, నీకు అది సేపదు. ఇట్ల ఇయ్యి," అంది.

"నువ్వు పో. పోయి సదువుకో."

ఆవు పొదుగులోకి పాలు దించడాన్నే మేం చేపడం అంటాం. అలవాటైన చెయ్యి పడితేనే అది చేపుతుంది. నా చేతికి కాలు విదిలించింది, తోక కొట్టింది, సగం పాలు బిగబట్టుకుంది. శాలిని గడపలో నిలబడి చూసి, లోపలికి పోయింది. పాలెందుకు తగ్గాయని కేంద్రంలో అడిగితే మేత సరిగా లేదని చెప్పాను. శాలినిని పేడతట్ట ఎత్తనివ్వలేదు, కుడితి కలపనివ్వలేదు. తిన్న కంచం కూడా నేనే తీశాను. పేడ వాసనతో క్లాసులో కూర్చుంటే ఎవరైనా నవ్వుతారేమోనని కూడా నా భయం.

రెండు నెలలు గడిచేసరికి అన్నం డబ్బా నిండుగా తిరిగి రావడం మొదలైంది. సాయంత్రం పుస్తకం ముందు పెట్టుకుని కూర్చునేది. నేను చిక్కుళ్లు ఒలుస్తూ ఆ పేజీనే చూసేదాన్ని. చిక్కుళ్లు అయిపోయేవి, పేజీ తిరిగేది కాదు.

"సదువు ఎట్లుండాదిమ్మా?"

"ఉండాది."

అంతకంటే ఒక్క మాట వచ్చేది కాదు. అన్ని మాటలు మాట్లాడే పిల్ల నోరు ఎక్కడ పెట్టుకుందో నాకు తెలియలేదు. బస్సు ఎక్కించి వచ్చాక ఫోను పక్కనే పెట్టుకుని పనులు చేసేదాన్ని. ఎవరి ఫోను మోగినా ఉలిక్కిపడేదాన్ని.

ఒక బుధవారం నా ఫోనే మోగింది. కాలేజీ మేడమ్. "శాలిని పదకొండు రోజులుగా రావడం లేదమ్మా. ఒంట్లో బాగాలేదా? హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరు. ఇకపై రాకపోతే పది గంటలకే మీకు ఫోను చేస్తాను."

రోజూ బస్సు ఎక్కించింది నేనే. మరి పిల్ల ఎక్కడికి పోతోంది? ఆ సాయంత్రమే మా వీధి మారెమ్మ వచ్చింది. పుంగనూరు మార్కెట్టులో కొత్తిమీర అమ్ముకుని వస్తుంది.

"ఏం వసంతమ్మా, కాలేజీని బస్టాండులోకి మార్చినారా ఏందీ? నీ కూతురు ఆడనే బెంచీ మింద కూసోనుంటాది. నేను పొయ్యేటప్పుడూ ఉంటాది, వచ్చేటప్పుడూ ఉంటాది."

"దాని పక్కన ఎవురన్నా ఉండారా?"

"ఎవురూ ల్యా. పుస్తకం, అది. మగపిల్లోడు ఉంటే నేనే రెండు పీకి ఉందునే!"

కుప్పంలో ఉన్న తమ్ముడు దామోదర్‌కు ఫోను చేశాను. విన్నాడు. "నువ్వు ఒక్కదానివి సూసుకోలేవక్కా. ఆదివారం వస్తాను. ఈడ హాస్టలుండే కాలేజీలో ఏస్తాం. గేటు దాటనీరు." మంచికే చెప్పాడు. కానీ ఆ గేటు మాట నన్ను వదల్లేదు. ఈ బాధతో గేటు లోపల ఉంటే ఆ పిల్ల ఏం చేసుకుంటుందో అన్న ఆలోచన వచ్చింది. దాన్ని పూర్తిగా ఆలోచించడానికి కూడా భయపడ్డాను.

గురువారం శాలిని వెళ్లిన తర్వాతి బస్సులో నేనూ పుంగనూరు పోయాను. మారెమ్మ చెప్పిన బెంచీ మీదే ఉంది. బస్టాండులో తిరిగే ముసలి ఆవు ఒకటి దాని ముందు మెడ చాచి నిలబడితే, అరటితొక్క పెట్టి గంగడోలు నిమురుతోంది. నన్ను చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. పక్కన కూర్చున్నాను. మదనపల్లె బస్సు వచ్చి, హారను కొట్టి, పోయింది.

"కాలేజీకి యాల పోలేదుమ్మా?" అన్నాను.

పుస్తకాల సంచి ఒళ్లోకి లాక్కుంది. "ఆడ అంతా ఇంగ్లీషే. తెలుగులో సదివొచ్చింది నేనొక్కదాన్నే అన్నట్టుంటాది. తలకాయ వంచుకుని రాసుకుంటా, ఏం రాస్తాండానో తెలీదు. ఇంటికొస్తే నువ్వు ఏదీ అంటుకోనీవు. ఆడా పనికిరాను, ఈడా పనికిరాను. ఇంగ నేను యాడికి పోయేది?"

"సార్లు సెప్పినారు కదమ్మా, పని సెయ్యనీవద్దని."

"నాయన అట్ల సెప్పలేదు కదా."

కొంగుతో దాని చేతికంటిన ఆవు చొంగ తుడిచాను.

"పాలు పిండతా పాఠం సెప్తాంటి నాయనకు. ఆయనకేం తెలుసు? ఊఁ కొడతాండె. ఊఁ కొట్టలేదంటే నాకే అర్థం కాలేదని తెలిసేది. మళ్లీ మొదట్నించి సెప్తాంటి." ముక్కు చీదింది. "నువ్వు బకెట్టు పెరుక్కుంటివి."

ఇన్నేళ్లూ పొయ్యి దగ్గర నుంచి ఆ గొణుగుడు విన్నాను. పాలు బకెట్టులో పడే చప్పుడుతో కలిసి వినిపించేది. అది చదువని నాకు తెలియలేదు. ఆయన చనిపోయాక ఈ పిల్లకు మిగిలింది ఆ ఒక్క చోటే. దాన్ని నా చేతులతో నేనే తీసేశాను.

"కుప్పం పోతావా, మామ కాడికి?"

తల అడ్డంగా ఊపింది. "ఆవునెవురు పిండతారు?"

ఇంటికి వచ్చి దామోదర్‌ను ఒక నెల ఆగమన్నాను. "నెల పోతే పరీక్షే పోతాది, నీకు అర్థమయితాండాదా?" అని కోప్పడ్డాడు. అర్థమయింది కాబట్టే ఆ రాత్రి అన్నం దిగలేదు.

శుక్రవారం ఐదింటికి మెలకువ వచ్చింది. లేవలేదు. దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకున్నాను. ఆవు ఒకసారి అరిచింది. రెండోసారి అరిచింది. పిల్ల లేవకపోతే? పాలు ఆలస్యమై ఆరున్నర బస్సు తప్పితే? చేతులు వాటంతటవే లేవబోతుంటే తొడల కింద పెట్టుకున్నాను. అంతలో పక్కగదిలో మంచం కదిలింది. దూడ గంట వినిపించింది. కాసేపటికి బకెట్టులో ధార పడింది. గొణుగుడు మాత్రం లేదు. పాలు పిండడం అయ్యేదాకా చెవులు రిక్కించి విన్నాను. ఒక్క మాట రాలేదు.

క్యాను అదే మోసుకుపోయింది. తిరిగొచ్చి, స్నానం చేసి, పరుగున బస్సెక్కింది. బకెట్టును నీళ్ల గాబు పక్కన రాతి మీద అట్లాగే వదిలేసింది.

పుంగనూరులో దిగి రెండో బస్సు ఎక్కిందో, ఆ బెంచీ మీదే కూర్చుందో నాకు తెలియదు. పదింటికి మేడమ్ ఫోను వస్తుందో రాదో చూస్తే గానీ తెలియదు. ఫోను కిటికీలో పెట్టి, ఎదురుగా కూర్చున్నాను. బకెట్టు అంచున పాలు ఎండుతున్నాయి, ఈగలు ముసురుతున్నాయి. నేను కడిగితే ఒక నిమిషం పని. రెండుసార్లు లేచి రాయి దాకా వెళ్లాను. అది శాలిని పని. సాయంత్రం వచ్చి కడుక్కోవాలి. వాకిలి ఊడ్చాను, కుడితి కలిపాను, బియ్యం ఏరాను. బకెట్టును మాత్రం ముట్టుకోలేదు.