రాజేశ్‌కు చూపించి రాయని కార్డు

నా జీవితంలో అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు అందుకున్న రోజు ఒకటుంది. ఆ చప్పట్ల కింద ఒక అన్యాయం ఉంది. దాన్ని ఇన్నేళ్లూ ఒక్కదాన్నే మోశాను. మూలుగుతూ మోశానని అనుకోకండి. పిల్లలకు ఆటలు నేర్పుతూ, కడుపునిండా తింటూ, తండాలో పెళ్లయితే అందరితో కలిసి చిందులేస్తూ మోశాను. అదే ఇంకా సిగ్గుగా ఉంటుంది. అంత బరువుంటే మనిషి కాస్తయినా వంగాలి కదా? నేనెందుకు వంగలేదు?

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి.

మాది కారేపల్లి వైపు ఒక తండా. చదువుకుని ప్రభుత్వ బడిలో పీఈటీగా చేరాను. ఉద్యోగం బొగ్గుబాయి కాలనీ దగ్గర పడింది. ఆ కాలనీ గ్రౌండులో గడ్డి కంటే బొగ్గు ధూళే ఎక్కువ. ఆట ముగిసేసరికి ఏ జట్టు జెర్సీ ఏ రంగో చెప్పలేం, అందరూ ఒకే నలుపు. మొదటి ఆదివారం అక్కడ ఫుట్‌బాల్ చూసినప్పుడే నాకు మనసు పోయింది. రాత్రి షిఫ్టు దిగి నిద్ర మానుకుని వచ్చినవాళ్లు బంతి వెనక పరుగెత్తుతుంటే, గట్టు మీద వాళ్ల భార్యలు వాళ్లను తిడుతూ నవ్వుతుంటే, ఇంత సంతోషం ఒకచోట ఉంటుందా అనిపించింది.

అక్కడ టోర్నమెంటు నడిపేది సత్తయ్య కాకా. బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. నేను లైను బయట నిలబడి తప్పులు లెక్కపెడుతుంటే గమనించి, ఒకరోజు నా చేతిలో విజిల్ పెట్టాడు. ఆడది మగవాళ్ల ఆటకు రెఫరీ ఏమిటని గొణిగినవాళ్ల నోరు ఆయనే మూయించాడు. నిబంధనలన్నీ ఆయనే నేర్పాడు. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పబోయేదాంట్లో ఆయన చెడ్డవాడిలా కనిపిస్తాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన మీదకు నెట్టేసి నేను తప్పుకుంటే అది రెండో తప్పవుతుంది.

ఇదంతా జరిగిన ఏడాది సెమీఫైనల్స్ రెండూ ఒకేరోజు. రావాల్సిన ఇంకో రెఫరీకి జ్వరం తగలడంతో రెండూ నా మీదే పడ్డాయి. టోర్నమెంటులో ఒక నియమం ఉంది. ఏ ఆటగాడికైనా రెండు మ్యాచుల్లో ఎల్లో కార్డు పడితే తర్వాతి మ్యాచ్ ఆడకూడదు.

పొద్దున ఆడింది మా పక్క తండా జట్టు. దాని కెప్టెన్ కిషన్. పత్తి చేలో పనిచేసి గట్టిపడిన ఒళ్లు, మహా నవ్వులమనిషి. డిఫెన్సులో వెనక నిలబడి, గోల్ దాకా ఎవరినీ రానిచ్చేవాడు కాదు. నన్ను వరస కలిపి అక్కా అనేవాడు. అతనికి అంతకుముందే ఒక కార్డు ఉంది. ఆట చివర్లో కార్నర్ కిక్‌కు ముందుకొచ్చి తలతో గోల్ కొట్టాడు. కొట్టి ఊరుకున్నాడా? గోల్ పోస్టు ఎక్కి, పైన ఇనుప పైపు మీద కాళ్లు వేలాడేసి కూర్చుని, ఎడ్లబండి తోలుతున్నట్టు చేతులాడించాడు. గ్రౌండంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే కార్డు తీశాను. పోస్టు ఎక్కడం తప్పు, కార్డు ఇవ్వాలి. అతను పైనుంచే నాకు దండం పెట్టి దిగాడు. తండా జట్టు మొదటిసారి ఫైనల్‌కు వచ్చింది, కెప్టెన్ ఫైనల్ ఆడడు. మ్యాచ్ రిపోర్టులో కిషన్ పేరు రాసి, టీ తాగకముందే సత్తయ్య కాకాకు ఇచ్చేశాను.

అంత తొందరెందుకు? ఇప్పుడు నన్ను నేనే అడుగుతున్నాను. గట్టు మీద ఎవరో "మీవోళ్లే గదా మేడమ్, చూసీచూడనట్టు పోతవేమో" అన్నారు పొద్దున. ఆ మాట చెవిలో ఉంది. నావాళ్ల మీద నేను మెత్తగా ఉండనని నలుగురికీ చూపించాలి. రాసింది నియమం ప్రకారమే, అందులో తప్పు లేదు. కానీ అంత చురుగ్గా రాసిన చెయ్యి సాయంత్రానికి ఏమైంది?

సాయంత్రం కాలనీ జట్టు ఆడింది. వాళ్లకు రాజేశ్ ఉన్నాడు. అతను బంతి పట్టుకుంటే గట్టు మీద కూర్చున్నవాళ్లు తెలియకుండానే లేచి నిలబడేవారు. అతనికీ అంతకుముందు ఒక కార్డు ఉంది. చివరి నిమిషంలో నలుగుర్ని దాటి గోల్ కొట్టాడు. సంతోషం పట్టలేక జెర్సీ విప్పి తల చుట్టూ తిప్పుతూ గట్టు వైపు పరుగు తీశాడు. జనం గ్రౌండులోకి దూకారు. లైన్ల మీద జెండాలు పట్టుకున్నవాళ్లు కూడా ఆ గుంపులో ఎటో పోయారు. జెర్సీ విప్పితే కార్డే. గుంపులోకి తోసుకుని వెళ్లి చెయ్యెత్తి చూపించాను. నేనూ చెయ్యెత్తి గంతులేస్తున్నాననుకుని ఎవరో నా మీద రంగు చల్లారు! కార్డు చూసింది ఇద్దరే. ఒకడు రాజేశ్. రెండు చెవులూ పట్టుకుని నవ్వాడు. ఇంకొకరు సత్తయ్య కాకా.

జనం పలచబడ్డాక కాకా షామియానా కింద నా పక్కన వచ్చి కూర్చున్నాడు. నా చేతిలో రిపోర్టు కాగితం ఉంది, ఇంకా రాయలేదు.

"బిడ్డా, రాజేశ్‌గాని కార్డు రాయకు," అన్నాడు.

"గదేంది కాకా? చూపిచ్చిన గదా."

"ఎవలు చూసిండ్రు?"

"నువ్వు చూసినవ్. నేను చూసిన."

నవ్వాడు. కోపమే లేదు ఆయన ముఖంలో. "ఏం తప్పు చేసిండు వాడు? ఎవన్నన్న తన్నిండా? తిట్టిండా? సంబురపడ్డడు. సంబురపడ్డోనికి శిక్షేంది? వాడు లేకుంటే ఫైనల్ చూడ ఎవలొస్తరు చెప్పు."

"కిషన్ గుడ సంబురపడ్డడు కాకా. పొద్దుగాల ఆయనది రాసిన."

"అవ్. గది రాసినవ్, కమిటీల అందరు చదివిండ్రు, అయిపోయింది. ఇది ఇంక రాయలే." నా భుజం తట్టాడు. "ఫైనల్‌కు సెంటర్ల నిన్నే నిలవెట్టాలని కమిటీతోని కొట్లాడుతున్న. ఆడపిల్ల ఫైనల్ ఆడిపిచ్చుడు మన దిక్కు ఎన్నడన్న అయిందా? ఇప్పుడు నువ్వు కాలనీ హీరోను బయట కూసోవెడితే, వాళ్లు నిన్ను ఒప్పుకుంటరా? నువ్వే సోచాయించుకో."

అంతే. బెదిరింపు లేదు. ఆయన లేచి టీ తేవడానికి వెళ్లాడు. వచ్చేసరికి నేను రిపోర్టు రాసేశాను. అందులో రాజేశ్ పేరు లేదు.

చాలా ఏళ్లు నాకు నేను ఏం చెప్పుకున్నానంటే, ఒక ఆడపిల్ల ఫైనల్లో విజిల్ ఊదితే మా వైపు పిల్లలందరికీ దారి ఏర్పడుతుంది, దాని ముందు ఒక కార్డెంత అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. అందుకే అది నన్ను అంతకాలం కాపాడింది. అసలు సంగతి చిన్నది. నాకు ఫైనల్ కావాలి. గ్రౌండు మధ్యలో నిలబడి మొదటి విజిల్ ఊదాలి. దానికోసం ఒకే రకం సంతోషానికి ఒకరిని శిక్షించి ఇంకొకరిని వదిలేశాను. పోనీ, కిషన్‌ను కూడా ఆడనివ్వమని అడిగానా? అదీ లేదు. అడిగితే రాజేశ్ కార్డు సంగతి బయటపడుతుందని భయం.

ఇక ఫైనల్ గురించి చెప్పాలి. చెప్పేటప్పుడు నాకు నవ్వొస్తుంది, క్షమించండి. అంత మంచి రోజు నాకు మళ్లీ రాలేదు.

మిరప కోతల కాలం. అయినా తండా తండా అంతా కోతలు ఆపేసి ట్రాక్టర్లెక్కి వచ్చింది. ఆడవాళ్ల అద్దాల బట్టలు ఎండలో తళతళలాడుతుంటే కాలనీ గోల్‌కీపర్ కళ్లు చిట్లించుకుని, "మేడమ్, బంతి కనవడ్తలేదు," అని నాకు ఫిర్యాదు చేశాడు. ఏ నియమం కింద వాళ్లను ఆపాలి నేను? మా అమ్మ కూడా వచ్చింది. నేను నిక్కరు వేసుకున్నానని ఏడాది పాటు నాతో సరిగ్గా మాట్లాడని మనిషి. ఆమెకు ఏ జట్టూ పట్టలేదు. బంతి ఎక్కడుందో చూడలేదు. ఆటంతా నన్నే చూస్తూ, నేను పరుగెత్తినప్పుడల్లా లేచి చప్పట్లు కొడుతూ, నేను ఆగితే మా తండా భాషలో ఉరకమని అరిచింది. నేను విజిల్ ఊదిన ప్రతిసారీ గోల్ పడిందనుకుంది.

కిషన్ లైను బయట ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. డోలు మెడలో వేసుకుని, వాయిస్తూ, తన జట్టువాళ్లను పేరుపేరునా పిలుస్తూ, గ్రౌండు ఈ కొస నుంచి ఆ కొసకు పరుగులు తీశాడు. ఆడినవాళ్ల కంటే ఎక్కువ చెమట పట్టి ఉంటుంది. అతని స్థానంలో ఆడింది ఒక పెద్దాయన, అతని మేనమామ. పొట్ట చేత్తో పట్టుకుని మరీ పరుగెత్తాడు పాపం. ఎదురుగా ఎవరొచ్చారు? రాజేశ్.

ఒకటి వాళ్లు కొట్టారు, ఒకటి వీళ్లు కొట్టారు. చివర్లో రాజేశ్ ఆ పెద్దాయనను ఇటు ఊరించి అటు తప్పుకుని రెండో గోల్ కొట్టాడు. కిషన్ ఉంటే ఆపేవాడా? ఏమో. ఆపలేకపోయేవాడేమో కూడా. ఆ "ఏమో" అన్నది నేను తయారుచేసింది. అది తేలకుండా చేసింది నేను.

ఆట అయ్యాక నాకు శాలువా కప్పారు. కాలనీ, తండా అని లేకుండా అందరూ చప్పట్లు కొట్టారు. సత్తయ్య కాకా కళ్లు తుడుచుకున్నాడు. మా అమ్మ వచ్చి నా బొగ్గు ముఖం తన కొంగుతో తుడిచింది. అప్పుడు కిషన్ డోలుతో వచ్చాడు. ఓడిపోయిన జట్టు కెప్టెన్, నా చుట్టూ తిరుగుతూ వాయిస్తూ, "మేం గెలవకుంటే ఏంది అక్కా, నువ్వు గెలిచినవ్! మన తండాలకు ఇంత పేరు తెచ్చినవ్," అన్నాడు.

నేను నవ్వాను. అతనితో పాటు నాలుగు అడుగులు వేశాను కూడా. నమ్మండి, ఆ సంతోషం నటన కాదు. నిజంగానే ఒళ్లంతా పొంగిపోయింది. అదే సమయంలో లోపల ఒకచోట చల్లబడింది. రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయి? ఉంటాయి. నాకు తెలుసు.

ఆ తర్వాత నేను చాలా మ్యాచులు ఆడించాను. ఇంకెప్పుడూ ఏ కార్డూ దాచలేదు. దాంతో లెక్క సరిపోతుందని అనుకునేదాన్ని. కొత్తగా రెఫరీలయ్యే పిల్లలకు నేర్పే పని కూడా నాకే వచ్చింది. జేబులోంచి బయటికొచ్చిన కార్డు రిపోర్టులోకి పోవాల్సిందేనని గట్టిగా చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ ఒక దగ్గొచ్చేది. దగ్గి సర్దుకునేదాన్ని.

ఈ ఏడు తిరుమలాయపాలెం దగ్గర ఒక టోర్నమెంటుకు నా దగ్గర నేర్చుకున్న స్వప్న రెఫరీగా వచ్చింది. డిగ్రీ చదివి టీచరుగా చేస్తున్న అమ్మాయి. మ్యాచ్ అయ్యాక నా దగ్గరకు వచ్చింది. ఎవరో పెద్దమనిషి ఒక కార్డు రాయొద్దన్నాడట. రాయాలని ఆమెకు తెలుసు. ఆమె అడిగింది వేరు.

"మేడమ్, మీకెప్పుడన్న గిట్ల అయిందా? మీరేం జేసిండ్రు?"

దగ్గు రాలేదు ఆ రోజు. "అయింది. నేను రాయలే," అన్నాను.

నా నోటి నుంచి అది వచ్చిందని నాకే నమ్మకం కలగలేదు. మొత్తం చెప్పాను. కిషన్ పేరు, రాజేశ్ పేరు, నా ఫైనల్. ఆమె విన్నది. నన్ను ఓదార్చలేదు, తప్పూ పట్టలేదు. వెళ్లి కార్డు రాసి, రిపోర్టు ఇచ్చి, తన బండెక్కి వెళ్లిపోయింది. వెళ్తూ నమస్తే పెట్టింది. అది ఎప్పటి నమస్తేనా, కాస్త తగ్గిందా? చాలాసేపు ఆలోచించాను. తగ్గినా సబబే.

మర్నాడు పొద్దున్నే కిషన్‌కు ఫోన్ చేశాను. అతనిప్పుడు బస్సు కండక్టరు. డ్యూటీలో ఉన్నాడని నాకు తెలియదు. వెనక భద్రాచలం పోయే జనం గోల. ఆగితే మళ్లీ చెప్పలేనని, అలాగే చెప్పేశాను. రాజేశ్‌కు కూడా కార్డు పడింది, నేను రాయలేదు, ఫైనల్ కోసం రాయలేదు అని. అటువైపు ఎవరో చిల్లర అడుగుతున్నారు. తర్వాత కిషన్, "అక్కా, బస్సు నిండుగున్నది. దిగినంక మాట్లాడ్త," అన్నాడు.

ఇంకా చెయ్యలేదు. చేస్తాడో లేదో తెలియదు. కోపంతో చేసినా వినడానికి సిద్ధంగా ఉన్నాను. నవ్వి కొట్టిపారేస్తే మాత్రం ఒప్పుకోను, అలా కొట్టిపారేసేది కాదు అది. సత్తయ్య కాకాకు కూడా చెప్పాలి, ఆయనకు గుర్తుందో లేదో.

ఫోన్ పెట్టేశాక అన్నం వండుకున్నాను. వేడన్నంలో కొత్త మిరపకాయ పచ్చడి కలుపుకుని, రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాను. నోరు మండి కళ్లలో నీళ్లు వస్తుంటే నాలో నేనే నవ్వుకున్నాను. నన్ను ఎవరూ క్షమించలేదు. మీరూ క్షమించనక్కర్లేదు. చెప్పాను, అంతే. ఎంత హాయిగా ఉందో.