పాట అయ్యేదాకా దిగేది లేదు

శాంతిరాజ్ అన్న మొదలైన పాటను మధ్యలో ఆపడు. ఆయన కారెక్కినవాళ్లు ఇల్లు వచ్చినా, ఊరు వచ్చినా, పాట అయిపోయాకే దిగాలి.

గోదావరిఖనిలో అందరి కార్లూ ఫోన్లతో పాడుతుంటే, అన్న డొక్కు కారులో ఇంకా క్యాసెట్ స్టీరియోనే. అందులో వైరున్న ఉత్తుత్తి క్యాసెట్ ఒకటి దూర్చి, ఆ వైరును అగ్గిపెట్టెంత ప్లేయర్‌కు తగిలిస్తాడు. ఇక కారు తలుపులతో సహా పాడుతుంది. షిఫ్టు దిగేదాకా నా చెవుల్లో ఆ పాటల డోలు మోగుతూనే ఉంటుంది.

ఆదివారం చర్చి ముందూ ఇదే తంతు. ఎవాంజెలిన్ వదిన బైబిలు ఒళ్లో పెట్టుకుని పళ్లు నూరుతుంది.

"ప్రార్థన షురూ అయింది. దిగుదామా, లేదా?"

"గిది గూడ ప్రార్థన పాటనే. ఒక్క చరణం మిగిలింది, కూసో."

పెట్రోలు బంకులో ఇంజను ఆపేయమంటారని, పాట అయ్యేదాకా బంకు దారికి అడ్డంగా నిలబెట్టాడొకసారి. వెనక లారీవాళ్లు తిట్టిన తిట్లు ఆయనకు వినపడలేదు. కిటికీ పక్కన కూర్చున్న నాకు వినపడ్డాయి.

వీటికి నవ్వుకోవచ్చు. మస్టర్‌తో మాత్రం నవ్వులాట కుదరదు. గని ఆఫీసు కిటికీ మూసేలోగా హాజరు పట్టీలో పేరు పడకపోతే ఆ రోజు డ్యూటీ లేనట్టే. నాది కొత్త ఉద్యోగం, డ్యూటీకి వెళ్లేది అన్న కారులోనే. నాగాలు ఎక్కువయ్యాయని సారు అప్పటికే హెచ్చరించారు. అయినా రోజూ కారు గని గేటు ముందు ఆగేది, పాట ఆగేది కాదు.

"అన్నా, మస్టర్ పోతది."

"పోదు తమ్మీ. పల్లవి మళ్లొక్కసారి వస్తది, గంతే."

వెనక నా పక్కన సామ్యేల్ కాక. బొగ్గు కోసీ కోసీ, ఇప్పుడు గని పైన, దిగేవాళ్లకు దీపాలిచ్చే లాంపు రూములో చేస్తున్నాడు. పల్లంలోని క్వార్టర్ నుంచి మిట్టెక్కి వచ్చి, గేటుకు కాస్త ముందు మా కారెక్కుతాడు. మహా పౌరుషం గల మనిషి. "సంచి ఇటియ్యి కాకా" అన్న పాపానికి నాతో నెల్లాళ్లు మాట్లాడలేదు.

మొన్న సోమవారం మేం వచ్చేసరికే ఆఫీసు కిటికీ సగం మూసి ఉంది. పాట మాత్రం నింపాదిగా సాగుతోంది. నాకు ఒళ్లు మండి, ముందుకు వంగి వైరు పీకేశాను.

కారులో ఒక్కసారిగా చప్పుడు పోయింది. అప్పుడు వినిపించింది, సామ్యేల్ కాక ఊపిరి. గరగరమంటూ, ఈల వేస్తూ, ఆగి ఆగి వస్తోంది. కాక మోకాళ్లు గట్టిగా పట్టుకుని, మాకు వినపడకుండా పెదాలు బిగించాడు.

శాంతిరాజ్ అన్న ముందు అద్దంలోంచి నన్ను చూశాడు. "వైరు ఊడినట్టున్నది తమ్మీ. జర పెట్టు" అన్నాడు, చాలా మెత్తగా.

నాకు సిగ్గేసింది. ఊరంతటి చేత పాటల పిచ్చోడు అనిపించుకుంటే, కాక ఊపిరి కుదుటపడేదాకా గేటు దగ్గర కారు ఆగినా ఎవరికీ ఏ అనుమానమూ రాదు. అన్న మీద అంత ప్రేమ నాకెప్పుడూ కలగలేదు.

వైరు తగిలించి, "ఇయ్యాల పాట మస్తున్నది అన్నా, సౌండు పెంచు" అన్నాను.

పాట అయ్యీ అవగానే ఉరికి, మూయబోతున్న కిటికీలో చెయ్యి అడ్డం పెట్టాను. క్లర్కు పెట్టిన చీవాట్లన్నీ అయ్యేసరికి, కాక చేతులు వెనక్కి కట్టుకుని తీరిగ్గా నడిచొచ్చాడు.

"గీ శాంతిరాజ్ పాటల పిచ్చితోని మన మస్టర్లు పోయేటట్టున్నయి బిడ్డా. నువ్వన్న జర చెప్పరాదు?"

"చెప్పి చూసిన కాకా. ఇనడు."