తడి గరిటె

పోయిన ఆదివారం మా మనవరాలికి చేపల వేపుడు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. పరీక్షలైపోయాయి, ఫోనులో చూడవలసినవన్నీ చూసేసినట్టుంది, ఇక మిగిలింది వంటిల్లే. మేముండే పెందుర్తిలో చేపలే దొరకనట్టు పొద్దున్నే నన్ను జాలరిపేట దాకా బయల్దేరదీసింది. అక్కడ చేపలమ్మే ఆవిడ మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "ఏటి తాతా, వంట మనవరాలిదేనా? అయితే ముళ్ళు తక్కువున్న సేప ఇత్తాను, పట్టుకెళ్ళు" అని నవ్వుతూ వంజరం ముక్కలు కోసిచ్చింది. మధ్యాహ్నం మూకుడులో నూనె కాగింది. ముక్కలు ఇంకా పళ్ళెంలో ఉప్పూకారం పట్టించుకుని కూర్చున్నాయి. మనవరాలు చిల్లుల గరిటెను కుళాయి కింద కడిగి, నీళ్ళు కారుతుండగానే నూనెలో ముంచింది. నూనె చిటపటమని లేచి, పక్కన నిలబడి అక్కరలేని సలహాలిస్తున్న నా ముంజేతి మీద పడింది.

కోడలు పరుగున వచ్చి ఏమైందని అడిగితే, మనవరాలు తల వంచుకుని, "నాకేటి తెలుసమ్మా, చేపలోనే తడుండిపోయింది" అంది. చేపలింకా పళ్ళెం దిగనే లేదు. నేను చేయి చాపి మందు తెమ్మన్నాను. కోడలు మందు రాసింది, శనగగింజలంత రెండు బొబ్బలు లేచాయి, అంతే. అయినా ఆ సాయంత్రమంతా వాటినే చూసుకుంటూ కూర్చున్నాను. మంట కంటే ఆ పిల్ల తల వంచుకున్న తీరు నన్ను పట్టి కుదిపింది. ఒకప్పుడు నేనూ సరిగ్గా అలాగే తల వంచుకున్నాను, అదీ తడి గరిటె విషయంలోనే.

మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, విశాఖలో ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో సోవియట్ ఇంజనీర్లు కుటుంబాలతో సహా వచ్చి కాపురాలు పెడితే, గాజువాక వైపు కూరగాయల వాళ్ళు కూడా బేరానికి సరిపడా రష్యన్ నేర్చేసుకున్నారు. మా నాన్న అంతకు చాలా ముందే గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో క్రేను నడిపేవారు. కొడుకు తనలా ఎండలో క్రేను ఎక్కకుండా ఆ కొత్త ఫ్యాక్టరీలో ఇంజనీరు కావాలని ఆయన కోరిక. ఏ దేవుడు విన్నాడో, లోహాల చదువుకు ఆ దేశం వాళ్ళిచ్చే స్కాలర్‌షిప్పు నాకొచ్చింది. అమ్మ పెట్టె సర్దింది. మాగాయ, కందిపొడి, నాలుగు ఎర్రగళ్ళ తువ్వాళ్ళు. నాతోపాటు తగరపువలస నుంచి ఇంకో కుర్రవాడు వచ్చాడు, అయిదేళ్ళూ ఒకే గదిలో ఉన్నాం. వరసేమీ లేకపోయినా నన్ను బావా అనే పిలిచేవాడు, ఈనాటికీ అలాగే పిలుస్తాడు.

మేం వెళ్ళింది ఒక ఉక్కు ఊరు. చలికాలంలో మంచు కూడా పొగచూరి బూడిద రంగులో పడి ఉండేది. రెండో ఏడు నుంచి వారానికి రెండు రోజులు అక్కడి ఫ్యాక్టరీలో, ఇనుము కరిగించే కొలిమి దగ్గర మాకు పని నేర్పేవారు. నేర్పే ఫోర్‌మన్‌కు అరవై దగ్గర పడుతున్నాయి. చిన్న వయసులోనే ఆ కొలిమి దగ్గరకొచ్చి అక్కడే తల నెరిసిన మనిషి. ఆ దేశంలో పెద్దవాళ్ళను వాళ్ళ పేరూ తండ్రి పేరూ కలిపి పిలవడం మర్యాద. ఆ రెండు పేర్లూ మా నాలుక మీదకు ఎక్కలేక మధ్యలోనే జారిపోయేవి. తగరపువలసవాడు విసుగెత్తి ఒకరోజు మావయ్యా అనేశాడు. అర్థమేమిటని అడిగి తెలుసుకుని ఆయన తెగ మురిసిపోయారు. ఆ తర్వాత కొలిమి దగ్గర మిగతా పనివాళ్ళు కూడా ఆయన్ని మావయ్యా అనడం మొదలుపెట్టారు.

మొదటి నెలంతా ఆయన మమ్మల్ని ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. నీలం అద్దం చేతికిచ్చి, కాలువలో పారే ఇనుము రంగు చూస్తూ కూర్చోమనేవారు. కొలిమి పనితోనే ఆయన చదువు చెప్పడం అయిపోలేదు. మంచు మీద జారిపడకుండా బాతులా నడవడం, కోటుకు గుండీ కుట్టుకోవడం, గడపకు అటొకరు ఇటొకరు నిలబడి చేయి కలపకూడదన్న సంగతి, అన్నీ ఆయన చెప్పినవే. పిల్లలు లేని ఇల్లు వాళ్ళది. ఆదివారాలు భార్యాభర్తలిద్దరూ మమ్మల్ని భోజనానికి పిలిచి, మా సముద్రం సంగతులు చెప్పించుకునేవారు. ఆయన జన్మలో సముద్రం చూడలేదు. జాలరిపేట ఒడ్డున పడవలు రాగానే ఆడవాళ్ళు గంపలు పట్టుకుని వేసే కేకలు నేను అభినయించి చూపిస్తే కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వేవారు.

ఇక గరిటె సంగతి. కొలిమిలోంచి ఇనుము కాలువలోకి పారుతున్నప్పుడు, పొడవాటి పిడి ఉన్న ఇనుప గరిటెతో కాస్త తీసి పరీక్షకు పంపుతారు. గరిటె కాలిపోకుండా దానికి మట్టి పూత ఉంటుంది. ఆ పూత బాగా ఎండి, వేడెక్కి ఉండాలి. అందులో కాస్త తడి ఉన్నా కరిగిన ఇనుము తగలగానే పేలుతుంది. ఇది మొదటి రోజే మావయ్య చెప్పారు, నేను నోట్సులో రాసుకున్నాను కూడా. కాని నేను మా అమ్మ వంటింట్లో పెరిగినవాణ్ణి. కడిగి బోర్లించిన గ్లాసునైనా మళ్ళీ ఓసారి తొలిపితేగాని మా ఇంట్లో అందులో నీళ్ళు పోయరు. అది చేతికి పట్టిన అలవాటు, దానికి బుర్రతో పనిలేదు.

ఆ రోజు గరిటె తెచ్చే పని మొదటిసారి నాకప్పగించారు. చూస్తే దాని నిండా ఇసుక అంటుకుని ఉంది. మావయ్య చేతికి మురికి గరిటె ఇస్తానా? పక్కనున్న నీళ్ళ తొట్టిలో ముంచి తొలిపి, మెడలో ఉన్న తువ్వాలుతో శుభ్రంగా తుడిచి పట్టుకెళ్ళాను. మామూలుగా ఆయన గరిటెకు కాలువ పక్కన సెగ చూపించిగాని ముంచరు. ఆ రోజు ఇనుము ధార అయిపోవస్తోంది. ఆరిందా అని అడిగారు. ఆరింది అన్నాను. తుడిస్తే ఆరినట్టే కదా మనకు. ఆయన నా మాట నమ్మి ముంచారు. ఢామ్మని పేలి నిప్పురవ్వలు మా మీదికి ఎగిశాయి. నేను వెనక్కి పడ్డాను. లేచి చూసేసరికి ఆయన కుడిచేతి తొడుగు పైన చొక్కా కాలి ముంజేతికి అంటుకుపోయి ఉంది. ఆ స్థితిలోనూ ముందు నన్నే తడిమి చూశారు, నాకేమైనా తగిలిందా అని.

ఆసుపత్రికి వెళ్ళే ముందే ఆయన పైవాళ్ళతో తప్పు తనదేనని, సెగ చూపించకుండా ముంచానని చెప్పేశారు. నాలుగో రోజున విచారణ అన్నారు. రిటైరవడానికి ఇంకో రెండేళ్ళే ఉన్న ఆయన్ని కొలిమి దగ్గర్నుంచి తీసి సామాన్ల గదిలో కూర్చోబెడతారని పనివాళ్ళు చెప్పుకున్నారు. ఆయనకు అంతకంటే పెద్ద శిక్ష లేదు. తప్పు నాదని తెలిస్తే నన్ను ఇంటికి పంపేస్తారని నా భయం. పోర్టులో కనిపించిన ప్రతివాడికీ నా చదువు సంగతి చెప్పుకున్న నాన్న ముందు, పెట్టె పట్టుకుని ఎలా నిలబడను? గదికొచ్చి తగరపువలసవాడికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. "నోర్మూసుకుని ఉండు బావా. ఎవుడూ సూడనేదు. నాను సెప్తన్నాను కదా, పెద్దాయన్ని ఆళ్ళేటీ సెయ్యరు" అన్నాడు. నా మంచి కోరే అన్నాడు. నాకూ ఆ మాటే వినాలని ఉంది.

మర్నాడు, కట్టు కట్టి ఇంటికి పంపేశారని తెలిసి, ఇద్దరం పూలు పట్టుకుని ఆయన్ని చూడ్డానికి వెళ్ళాం. నాలుగు పూలు. ఆ దేశంలో సరిసంఖ్యలో పూలు చనిపోయినవాళ్ళకే ఇస్తారని మాకు తెలియదు. ఆయన భార్య ఒక పువ్వు తీసి వేరే గ్లాసులో ఉంచి, మిగతా మూడూ ఆయన మంచం పక్కన పెట్టింది. మావయ్య కట్టు కట్టిన చేతిని దిండు మీద ఆనించుకుని, పరీక్షలెప్పుడని అడిగారు, టీ తాగమన్నారు, గరిటె మాట మాత్రం ఎత్తలేదు. రెండు మూడుసార్లు నా వైపు చూసి ఊరుకున్నారు. నేను తల వంచుకుని కప్పు అడుగున టీ ఆకులు లెక్కపెట్టాను.

మూడో రోజు మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి ఒక్కణ్ణే వెళ్ళాను. బస్సు దిగి వాళ్ళ వీధి చుట్టూ రెండుసార్లు తిరిగాను. తలుపు తీసింది ఆయనే. గడపలోనే మొదలుపెట్టబోతే ముందు లోపలికి రమ్మన్నారు. వచ్చీరాని రష్యన్‌లో, తొలపడానికి ఆ భాషలో ఏమంటారో తెలియక చేతులతో చేసి చూపిస్తూ, అంతా చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఇరవయ్యేళ్ళవాణ్ణి, సిగ్గులేకుండా ఏడ్చాను. ఆయన చివరిదాకా విని, భార్యను పిలిచి ఏదో అన్నారు. ఆవిడ బీరువాలోంచి ఒక తువ్వాలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మా అమ్మ ఇచ్చిన ఎర్రగళ్ళ తువ్వాలే. ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి ఉంది.

ఆ రోజు గరిటె తుడిచిన కంగారులో దాన్ని తొట్టి అంచునే వదిలేశాను, దాని నిండా గరిటె పూతమట్టి. చేయి కాలి నిలబడ్డ మనిషి, అంబులెన్సు వచ్చేలోగా దాన్ని చూసి, సంగతి గ్రహించి, ఎడమచేత్తో తీసి జేబులో కుక్కుకున్నారు. ఇంకెవరి కంటైనా పడితే వాళ్ళు నా పేరు చెప్పేస్తారు. అది నా నోటితో నేను చెప్పాలని ఆయన మూడు రోజులు కాచుకుని కూర్చున్నారు.

మర్నాడు విచారణకు ఇద్దరం కలిసి వెళ్ళాం. గది బయట నా వాలకం చూసి ఆయనన్న మాట మన భాషలో చెప్పాలంటే ఇదీ: "భయమేస్తే నా చేయి పట్టుకో అబ్బాయీ. ఎడమది. కుడిది మాత్రం పట్టుకోకు." నాకు ఆ తలుపు ముందు నవ్వొచ్చేసింది. లోపల ఆయన తప్పు ఆయన చెప్పారు, నా తప్పు నేను చెప్పాను. పైవాళ్ళు మమ్మల్ని మార్చి మార్చి చూసి, ఆయనకు ఒక మందలింపు రాసి కొలిమి దగ్గరే ఉంచారు. నన్ను ఇంటికి పంపలేదు. ఆ చలికాలమంతా కొలిమి దరిదాపులకు రానివ్వకుండా గరిటెలకు మట్టి పూసి ఎండబెట్టే పనిలో పెట్టారు. డ్యూటీ దిగాక మావయ్య నా దగ్గరకొచ్చి, కళ్ళు మూసుకుని వేలితో తాకి ఏ పూత ఆరిందో ఏది ఆరలేదో చెప్పడం నేర్పారు. ఈ రోజుకీ నా వేలికి ఆ తేడా తెలుస్తుంది.

చదువు పూర్తయి వచ్చేసే రోజున, బయల్దేరే ముందు అందరం ఓ నిమిషం మాట్లాడకుండా కూర్చోవాలన్నారు. అది వాళ్ళ ఆచారమట. మన ఇళ్ళలో శకునం బాగాలేకపోతే కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి బయల్దేరతాం కదా, అలాగన్నమాట. ఆ నిమిషం అయ్యాక అడిగాను, నేను ఆ రోజు రాకపోయి ఉంటే ఏం చేసేవారని. ఏముంది, సామాన్ల గదిలో కూర్చునేవాణ్ణి, నీకు మాత్రం తువ్వాలు దక్కేది కాదు అన్నారు. నేను కాళ్ళకు దణ్ణం పెట్టబోతే కంగారుపడి లేవనెత్తి కావలించుకున్నారు. ముడతలు పడ్డ ఆ ముంజేతి మచ్చ నా మెడకు గరుకుగా తగిలింది.

వచ్చాక ముప్పయ్యేళ్ళకు పైగా నేనూ కొలిమి దగ్గరే పనిచేశాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు పొరపాటు చేసినప్పుడు ఎవరని వెంటనే అడిగేవాణ్ణి కాదు. కొందరు వచ్చి చెప్పారు, కొందరు రాలేదు. రానివాళ్ళూ చెడిపోలేదు లెండి. నేను రిటైరయ్యేనాటికి చాలా పనులు యంత్రాలకు వెళ్ళిపోయాయి, మూలమూలనా కెమెరాలు వచ్చాయి. ఏం జరిగినా కాసేపట్లో ఎవరి చేయో తెర మీద కనిపిస్తుంది. దానివల్ల మేలే జరిగింది, కాదనను. అయితే తెర మీద చూపించేశాక ఆ మనిషి తన నోటితో చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది? ఇళ్ళలోనూ అంతే. మా వీధిలో పిల్లవాడు పూలకుండీ పగలగొడితే, వాడు నోరు తెరిచేలోగా తల్లి ఫోనులో చూసేస్తోంది. తెలిసి కూడా తెలియనట్టు, ఇంకొకరి కోసం మూడు రోజులు కూర్చునే ఓపిక మా తరంతోనే పోతుందేమోనని నాకు దిగులు.

మావయ్యతో ఉత్తరాలు కొన్నేళ్ళు నడిచాయి. ఆ దేశం ముక్కలయ్యాక మరో రెండు రాశాను, జవాబు రాలేదు.

ఇంతవరకు రాసేసరికి, మంగళవారం సాయంత్రం, మనవరాలు మందు ట్యూబు పట్టుకుని నా గదికొచ్చింది. అడగకుండానే నా చేయి లాక్కుని రాస్తూ, మొహం పైకెత్తకుండా, "తాతయ్యా, ఆ రోజు సేప తడి కాదు. నానే గరిటె కడిగి అలాగే పెట్టేసినాను" అంది. కంగారు పడితే దానికి బడి భాష పోయి వీధి భాష వచ్చేస్తుంది. నేను లేచి, బీరువా అడుగునుంచి తువ్వాలు తీశాను. గళ్ళు వెలిసిపోయాయి, ఇస్త్రీ మడత దగ్గర చిరుగు పట్టింది. ఇదెవరిదని అడిగితే పక్కన కూర్చోబెట్టుకుని ఈ కథంతా చెప్పాను.

అది వెళ్ళాక మావయ్యకు ఉత్తరం రాయాలనిపించింది. నాకు మూడు రోజులు పట్టింది, మా పిల్లకు రెండు రోజులే పట్టింది అని ఒక్క ముక్క చెబితే చాలు. కాగితం తీసి తేదీ వేశాను, ఆయన వీధి పేరు, ఊరి పేరు తడుముకోకుండా రాశాను, దేశం పేరు రాయవలసిన చోట ఆగిపోయాను.